మాటలాడలేని వారి మంచము దగ్గర

"మీరు నర్సులా?" అని అడిగితే కాదంటాము. "పోనీ, డాక్టర్లా?" అంటే అదీ కాదంటాము. అప్పుడు అడిగినవారు మా వైపు జాలిగా చూస్తారు. మేమిద్దరము ఒకే సంఘములో పెరిగి, ఇంటర్ బైపీసీ తరువాత నాలుగేండ్ల రెస్పిరేటరీ థెరపీ డిగ్రీ ముగించి, జిల్లా కేంద్రములోని ఒక ఆసుపత్రిలో చేరి సంవత్సరము కావస్తున్నది. ఇప్పటికీ మా ఊరి పెద్దలు మమ్మల్ని "గాలి మిషను పిల్లలు" అంటారు. ఆ పేరు మాకు బాగానే ఉన్నది.

తనంతట తాను ఊపిరి తీసుకోలేని మనిషికి డాక్టరుగారు నోటి గుండా గొట్టము వేసి వెంటిలేటరుకు కలుపుతారు. అది ఎంత గాలి, ఎంత వేగముగా ఇవ్వాలో డాక్టరుతో కలిసి కుదర్చడము, కఫము లాగడము, మెల్లమెల్లగా ఆ మనిషిని యంత్రము నుండి విడిపించడము మా పని. గాలి కొలతను బరువును బట్టి కాదు, ఎత్తును బట్టి లెక్కిస్తాము. మనిషి లావెక్కితే ఊపిరితిత్తులు పెద్దవి కావు గదా!

ఈ పని యంత్రముతో మొదలు కాలేదు. 1952లో డెన్మార్కు దేశములోని కోపెన్‌హాగన్‌లో పోలియో విపరీతముగా వ్యాపించినప్పుడు యంత్రములు చాలలేదు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే డాక్టరు సలహా మీద రోగుల గొంతుకు రంధ్రము చేసి, గొట్టము అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుతూ ఊపిరి పోశారు. సుమారు 1500 మంది విద్యార్థులు రాత్రింబగళ్ళు వంతులవారీగా మంచముల పక్కన కూర్చున్నారు. వారిలో చాలామంది మా వయస్సువారే. ఇప్పుడు కూడా రోగిని స్కానింగుకు తీసుకొని వెళ్ళేటప్పుడు అటువంటి సంచియే మా చేతిలో ఉంటుంది.

చేరిన కొత్తలో అలారము మ్రోగితే చాలు, గుండె జారిపోయేది. ఇంటికి వచ్చినా ఆ మ్రోత చెవులను విడిచేది కాదు. కుక్కరు కూత వేసినా లేచి నిలబడేవాళ్ళము. అక్కడ ఇరువది ఏండ్లుగా పని చేస్తున్న సిస్టరుగారు, "ముందు మనిషిని చూడండమ్మా, తరువాత మిషను" అన్నారు. రొమ్ము రెండువైపులా లేస్తున్నదా, పెదవులు నీలముగా మారుతున్నవా, కళ్ళు ఏమి అడుగుతున్నవి? నాలుగేండ్లలో చదివినదంతా ఆ ఒక్క మాట క్రిందికి వచ్చి చేరింది.

వానకాలములో ఒక కూలి చేసుకొనే అక్కను తీసుకొని వచ్చారు. నేల మీద పండుకున్నప్పుడు కట్లపాము కరిచింది. దాని కాటుకు వాపు, నొప్పి పెద్దగా ఉండవు. ఒక్కొక్కసారి గాటు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అన్నదట, ఇంట్లోవారు గ్యాసు అనుకున్నారు. తరువాత రెప్పలు వాలిపోయాయి. ఆసుపత్రికి చేరేసరికి ఊపిరి అందడము లేదు.

మూడవ రోజున ఆమె బావగారు, "ప్రాణము ఎప్పుడో పోయింది, మిషను ఆడిస్తున్నది, ఇంటికి తీసుకొనిపోతాము" అన్నారు. 2020, 2021 కోవిడ్ రోజుల తరువాత వెంటిలేటరు అంటే ఇక అంతే అనే భయము పల్లెల్లో బాగా నాటుకొన్నది. అప్పు చేసి వచ్చినవారిని తప్పు పట్టలేము. డాక్టరుగారు కూర్చోబెట్టి వివరించారు: ఈ విషము దెబ్బ తీసేది కండరములకు కబురు చేర్చే నరముల కొసలను, మెదడును కాదు. విరుగుడు మందు ఇచ్చినా, అప్పటికే చెడిన కొసలు బాగుపడేందుకు రోజులు పడుతుంది. అంతవరకు ఊపిరి పోయగలిగితే మనిషి దక్కుతుంది. ఆమెకు అన్నీ వినిపిస్తూ ఉండవచ్చు, రెప్ప ఎత్తడానికి మాత్రము బలము లేదు.

మేము ఆమె భర్తను మంచము దగ్గరకు పిలిచి, "అక్కా, కాలి బొటనవేలు కదిలించు" అన్నాము. నూలుపోగంత కదిలింది. ఆయన మళ్ళీ అడగమన్నారు. మళ్ళీ కదిలింది. ఇక ఇంటి మాట ఎత్తలేదు. ఆ రోజు నుండి కఫము తీసే ముందు ఏమి చేయబోతున్నామో, ఈ రోజు ఏ వారమో ఆమెకు చెప్పేవాళ్ళము. తొమ్మిదవ రోజున గొట్టము తీశారు. గొంతు పెగిలిన తరువాత ఆమె మొదట చెప్పినది, తనను ఇంటికి మోసుకుపోయే బండి కిరాయి కోసము బావగారు చేసిన బేరము సంగతి! ఎంతకు తెగిందో కూడా చెప్పింది.

అందరూ అలాగ లేచి వెళ్ళరు. పురుగుల మందు త్రాగిన ఒక పిల్లవాడు రెండవ రోజున మాతో చక్కగా మాట్లాడాడు. గాని దిండు మీదనుండి తల ఎత్తమంటే ఎత్తలేకపోయాడు. ఆ మందు త్రాగినవారిలో మెడ బలము తగ్గితే తరువాత ఊపిరి కండరములు సడలవచ్చును. వెంటనే డాక్టరుగారికి చెప్పాము, అందరూ చేయవలసినదంతా చేశారు. ఊపిరితిత్తులకు న్యుమోనియా వచ్చి పన్నెండవ రోజున పోయాడు. ప్రార్థన చేయడము మాకు చిన్ననాటి నుండి అలవాటే గాని, ఆ తల్లితో ఏమి మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. ఆమె చెప్పులు వెదికి తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాము.

జీతము గొప్పది కాదు, రాత్రి డ్యూటీలు తప్పవు. 2021లో వచ్చిన కేంద్ర చట్టములో మా వృత్తి పేరు కూడా చేరింది గనుక, మా ఇంటివారికి చూపించడానికి ఒక కాగితము దొరికింది. మొన్న మా సంఘములోని ఒక అమ్మాయి, ఇంటర్ ముగించినది, ఈ చదువు సంగతి అడగడానికి తండ్రిగారితో వచ్చింది. కాలేజీ భవనము చూచి మోసపోవద్దని, దాని ఆసుపత్రిలో ఐ.సి.యు. ఉన్నదా, విద్యార్థులను మంచము దాకా రానిస్తారా అని అడగమని చెప్పాము. ఆమె పాము కాటు సంగతే రెండుసార్లు చెప్పించుకొన్నది. తండ్రిగారు జీతము ఎంత అని అడిగారు. దాచకుండ చెప్పాము. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు.