మందు కలిపిన ఏరు

మా కోయ మాటలో ఏరు అంటే నీళ్లు. ఆకివీడు దగ్గర చేపల చెరువు కాపలాకు పోయిన మా బావ, ఉప్పుటేరు పేరు వినగానే మన మాటే అనుకున్నాడట. పోలవరం ముంపులో ఊరు పోయాక మా వాళ్లు కొందరు అలా పల్లానికి దిగారు. గట్టు మీద పాక, నెల జీతం, అప్పుడప్పుడు కూరకు రెండు చేపలు.

బావ పని మేత కట్టడం. తవుడు, చెక్క సంచుల్లో నింపి, కన్నాలు పెట్టి, నీళ్లలో గుంజలకు కడతాడు. శీలావతి, బొచ్చె వచ్చి ఒరుసుకుంటూ తింటాయి. చేప ఒంటి మీద ఎర్రమచ్చ కనబడితే మందుల కొట్టు నుంచి డబ్బా వస్తుంది. మేతలో కలిపేది బావే, ఉత్త చేతులతో. అదేం మందని అడిగితే "తెల్లపొడి, చేదుగా ఉంటది" అన్నాడు. చేదని ఎలా తెలిసిందో నేను అడగలేదు.

రొయ్యల దగ్గర ఇంకా విడ్డూరం. తెల్లమచ్చ వైరస్ జబ్బు. యాంటీబయోటిక్ దాన్నేమీ చేయలేదు. అయినా పోసేవాళ్లున్నారు. అప్పుచేసి చెరువు కౌలుకు తీసుకున్నవాడి భయం అర్థమవుతుంది, డబ్బా అమ్మినవాడి ధైర్యమే అర్థం కాదు.

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు మన దేశంలోనూ చెరువులకు నిషేధమే. నైట్రోఫ్యూరాన్ చేప ఒంట్లో తొందరగా విరిగిపోతుంది గాని, దాని ముక్కలు మాంసాన్ని పట్టుకుని వారాల తరబడి ఉంటాయి. ల్యాబులో దొరికేవి అవే. 2016లో యూరప్ మన రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఎగుమతి రొయ్యకు పట్టుబడికి ముందే పరీక్ష ఉంది. మా సంతకు ఐసుపెట్టెలో వచ్చే శీలావతికి అలాంటి కాగితం నేనెప్పుడూ చూడలేదు.

మేమూ నీళ్లలో మందు కలిపినవాళ్లమే. ఎండాకాలం వాగు మడుగులో మంగకాయ నూరి పోస్తే చేపలు మత్తెక్కి తేలతాయి. ఆ రోజు ఊరంతటికీ కబురు పెట్టేవాళ్లు. పశువుల్ని అటు తోలేవాళ్లు కాదు, పిల్లల్ని దిగనిచ్చేవాళ్లు కాదు. బావ చెరువు ఖాళీ చేస్తే నీళ్లు మురుగుకాలవలోకి పోతాయి. కాలవ కింద ఊళ్లున్నాయి, వాళ్లకు కబురు ఉండదు. ఆ నీళ్లలో కొద్దికొద్దిగా మందు తిన్న క్రిములు దానికి అలవాటుపడి, రేపు మనిషికి వేసే మందుకూ లొంగకుండా పోవచ్చు.

డబ్బా మీది పేరు ఫోటో తీసి పంపమన్నాను. లేబుల్ చింపేసి ఉందట. ముందు చేతులకు తొడుగులు అడుగు బావా అన్నాను. అడిగితే పనిలోంచి తీసేస్తారేమోనని, మేతసంచుల ప్లాస్టిక్ కవర్లే చేతులకు చుట్టుకుంటున్నాడు.