సాకలో బ్రాందీ

బ్రాందీ అనే మాట ఎవరిదని మా పేటలో అడిగితే దొరలదంటారు. ఏ దొరలదంటే, ఇంగ్లీషువాళ్ళదని కొందరు, ఫ్రెంచివాళ్ళదని కొందరు. నిజానికి ఆ మాట డచ్చివాళ్ళది. 'బ్రాండెవైన్' అంటే కాల్చిన ద్రాక్షసారా. ఆ డచ్చివాళ్ళని మన పెద్దలు వలందులన్నారు. బందరులో వలందపాలెం అందుకే ఉంది. ఇంగ్లీషువాళ్ళున్నచోటు ఇంగ్లీషుపాలెం. ఫ్రెంచివాళ్ళని పరాసులన్నారు గనక వాళ్ళున్నది పరాసుపేట. బందరు బస్టాండులో దిగి ఆటో ఎక్కి ఈ పేర్లు చెబితే చాలు, తీసుకెళ్ళి దింపుతారు. ఆ పేర్ల వెనక సముద్రాలు దాటిన ఓడలున్నాయని ఆటో అబ్బాయికి పట్టదు. పట్టాల్సిన పని కూడా లేదు.

మాది శ్రీకాకుళం. ఈ మాట అనగానే ఉత్తరాన ఉన్న జిల్లా అనుకుంటారు, చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. మాది కృష్ణ ఒడ్డున, ఘంటసాల మండలంలో ఉన్న శ్రీకాకుళం, ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్న ఊరు. కృష్ణదేవరాయలు ఆ గుడికొచ్చిన రాత్రి కలగని ఆముక్తమాల్యద రాశాడని చెప్పుకుంటారు. గుడి ముందు నుంచి మా పేట కనబడదు. మేము ఈతపుల్లల ఎరుకలవాళ్ళం. ఈతపుల్లలు కోసి, చీల్చి, బుట్టలూ తట్టలూ అల్లుకొని బతికినవాళ్ళం. బుట్టకు పుల్ల ఇచ్చిన చెట్టే చలికాలంలో కల్లిచ్చేది. మా నాయనమ్మకు ఈతచెట్టంటే రెండు చేతులా పెట్టే అమ్మ.

ఫ్రాన్సు ద్రాక్షసారా గురించి, అక్కడి బ్రాందీ గురించి నేను చదవడం మొదలుపెట్టింది తాగుదామని కాదు. ఆ సీసా మా ఇంట్లో పెద్దలకు పెట్టుకునే చోటుకు వచ్చింది గనక. అది తర్వాత చెబుతాను.

ఫ్రాన్సు పడమటి వైపు షరాంత్ అనే నది ఉంది. దాని ఒడ్డున కొన్యాక్ అనే చిన్న ఊరు. అక్కడ పండే ద్రాక్షతో చేసిన సారా పలచగా, పుల్లగా ఉంటుంది. అంత గొప్ప రుచేమీ కాదు. ఉప్పు కోసం, ద్రాక్షసారా కోసం వచ్చిన వలందుల ఓడల్లో అది దారిలోనే చెడిపోయేది. కాస్తే నిలవుంటుంది, ఓడలో తక్కువ చోటు పడుతుంది. అలా కాచడం మొదలైంది. రాగి బట్టీలో ఒకసారి కాదు, రెండుసార్లు కాస్తారు. శీతకాలం దాటనివ్వరు, మార్చి 31 లోపల కాపు ముగియాలి. బట్టీలోంచి దిగేటప్పుడు అది నీళ్ళలా తెల్లగా ఉంటుంది. దాన్ని ఓకుచెక్క పీపాల్లో పోసి చీకటి కొట్లలో పడుకోబెడతారు. ఆ రంగూ, ఆ వాసనా చాలావరకు చెక్క ఇచ్చినవే. రెండేళ్ళు నిండకపోతే కొన్యాక్ అనడానికే వీల్లేదు. సీసా మీద ఎక్సో అని రాయాలంటే పదేళ్ళు పడుకొని ఉండాలి. ఇంకా పాతవాటిని గాజు కూజాల్లోకి మార్చి ఒక మూల గదిలో తాళం వేసి ఉంచుతారు. ఆ గదిని వాళ్ళు స్వర్గం అంటారు. తాత నింపిన పీపాను మనవడు విప్పుతాడు. విప్పినవాడు తను తాగని పీపాను మళ్ళీ నింపుతాడు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. పీపాల్లోంచి ఏటా నూటికి రెండు పాళ్ళు ఆవిరైపోతుంది. దాన్ని వాళ్ళు నష్టం అనరు, దేవదూతల వాటా అంటారు. ఆ ఆవిరి తాగి బతికే నల్లబూజు కొట్ల గోడల మీద, పెంకుల మీద పట్టి ఊరంతా మసిబారినట్టుంటుందట. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా ఇళ్ళలో ముంత నోటికెత్తుకునే ముందు మూడు చుక్కలు నేల మీద వేస్తారు. కొలుపప్పుడైతే అమ్మవారికి సాక పోస్తారు. మా వాటా కిందికి పోతుంది, వాళ్ళ వాటా పైకి పోతుంది. ఇచ్చేది మటుకు ఇద్దరమూను.

ద్రాక్షసారా సంగతి ఇంకా చిత్రం. బుర్గుండీ అనే సీమలో ఒకటే జాతి ద్రాక్ష, కానీ దారికి ఇవతలి చేను సారాకు ఒక పేరు, అవతలి చేను సారాకు ఒక పేరు, ధరలు ఎక్కడా కలవవు. వాలు వేరు, సున్నపురాయి వేరు, ఎండ వేరు అంటారు. వెనకటికి అక్కడి క్రైస్తవ సన్యాసులు చేను చేనుకూ తేడా కనిపెట్టి రాతిగోడలు కట్టారు. ఇది విని మన చదువుకున్నవాళ్ళు ఆహా అంటారు. కానీ కల్లుగీసే తాతనడగండి. పోతుతాడి కల్లు వేరు, పెంటితాడి కల్లు వేరు, ఏటి ఒడ్డు చెట్టు వేరు, దివిసీమ చివర ఉప్పునేలలో చెట్టు వేరు. ఏ చెట్టు ఏ వారం తీపి దిగుతుందో, ఏది ఒగరో ఆయన కళ్ళు మూసుకొని చెబుతాడు. తేడా అంతా ఒక్కటే. ఆ తాత చెప్పింది ఎవరూ రాసుకోలేదు. సన్యాసులు చెప్పింది గోడలయ్యింది, గోడలు పేర్లయ్యాయి, పేర్లు చట్టమయ్యాయి.

చట్టం అన్నది ఊరికే అనలేదు. 1855లో పారిస్‌లో పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు బోర్డో సారాలను తరగతులుగా విడగొట్టి జాబితా రాశారు. ఆ జాబితా దాదాపు అలాగే ఇప్పటికీ నడుస్తోంది. 1909లో కొన్యాక్ చుట్టూ గీత గీశారు. ఆ గీతలోపల పండి, ఆ గీతలోపల కాచినదే కొన్యాక్. 1935లో దేశం మొత్తానికీ అలాంటి ఏర్పాటు చేశారు. ఊరి పేరు ఊరిది. ఇంకొకడు వాడుకుంటే నేరం.

ఇక్కడ ఏం జరిగింది? 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. చెట్టుకు పన్ను, కొట్టుకు పాట. పరాసులు కూడా తక్కువ తినలేదు. పరాసుపేటలో కల్లు, సారా అమ్మించుకునే హక్కును ఇంగ్లీషువాళ్ళకు వదులుకున్నందుకు ఏటేటా సొమ్ము పుచ్చుకున్నారు. తమ దేశంలో పుట్టిన పానీయానికి మర్యాద, ఇక్కడి పానీయానికి లెక్కల పుస్తకం. ఇక 1911లో వచ్చింది నేరస్థ తెగల చట్టం. 1871 నాటి చట్టాన్ని తిరగరాసి మన మద్రాసు రాజధానికీ తెచ్చారు. అక్కడ ద్రాక్షతోట చుట్టూ గీత గీసి పేరు కాపాడిన రెండేళ్ళకే ఇక్కడ మా జాతి చుట్టూ గీత గీసి పేరు చెడగొట్టారు. ఉప్పు మోసుకెళ్ళి అమ్ముకున్నవాళ్ళూ, బుట్టలల్లినవాళ్ళూ, ఎరుక చెప్పినవాళ్ళూ పోలీసు ఠాణాలో హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిందే. ఆ చట్టం దేశమంతటా పోయింది 1952లో. మాట మటుకు పోలేదు. ఇప్పటికీ ఊళ్ళో సైకిలు పోతే ముందు మా పేటకే వస్తారు.

అయితే కల్లూ సారా అంటే అంతా మంచే అని నేనను. మా పేటలో నలభై దాటకుండా పోయిన మగవాళ్ళ పేర్లు చెప్పమంటే రెండు చేతుల వేళ్ళూ చాలవు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాకొట్టు మూయించినప్పుడు మా అమ్మ వయసువాళ్ళకు అదొక పండగ. 1993 అక్టోబరు ఒకటి నుంచి సారా బంద్. 1995లో మొత్తం మద్యనిషేధం. 1997లో అది సడలిపోయింది. సారా పాకెట్టు మళ్ళీ రాలేదు, దాని స్థానంలోకి సీసా వచ్చింది. మా పేటలోకి బ్రాందీ అలా అడుగుపెట్టింది, దొరలెవరూ తేలేదు. ఫ్రాన్సులోనూ ఈ భయం ఉంది. 1991లో మందు ప్రకటనల మీద గట్టి చట్టం చేసుకున్నారు. అంత పేరున్న దేశమే పిల్లల కళ్ళ ముందు సీసా బొమ్మ ఎక్కడ పెట్టాలా అని ఆలోచించింది.

మొన్న సంక్రాంతికి పెద్దలకు పెట్టుకుంటున్నాం. కొత్త చీర, పొగాకు, వక్కాకు, కోడికూర, గారెలు. నాయనమ్మకు సాక పొయ్యడానికి మా పిన్ని కొడుకు చొక్కా జేబులోంచి బ్రాందీ క్వార్టరు తీశాడు. సీసా మీద ద్రాక్షగుత్తి బొమ్మ. నేను చేతికి తీసుకొని వెనకాల చదివాను. ద్రాక్ష ఊసు లేదు. స్పిరిటు, రంగుకు మాడబెట్టిన చక్కెర, వాసనకు కలిపినవేవో. మన దేశంలో అమ్మే బ్రాందీలో చాలావరకు చెరకు మడ్డిలోంచి తీసిన స్పిరిటే. అదే సరుకును బ్రాందీ అని ఐరోపాలో అమ్మనివ్వరు, అక్కడ బ్రాందీ ద్రాక్షసారాలోంచే రావాలి. ఉయ్యూరు వైపు వెళ్ళినవాళ్ళకు మడ్డి వాసన ఎలా ఉంటుందో తెలుసు. ఆ మడ్డికి పరాసుల అంగీ తొడిగి మాకు అమ్ముతున్నారు.

"ఇందులో ద్రాక్ష లేదురా, నాయనమ్మకు ఈతకల్లు పోద్దాం" అన్నాను.

"అన్నా, నాయనమ్మ బతికుండగా దొరల మందు ముట్టుకోనియ్యలేదు. బుట్ట అమ్మబోతే మంచినీళ్ళే పైనుంచి పోసేవాళ్ళు. పోయాకైనా తాగనీ" అన్నాడు.

దానికి నేనేమీ అనలేదు. పోశాడు. పిన్ని కళ్ళు తుడుచుకుంది.

వాడు చెప్పింది కొట్టిపారేసేది కాదు. ఫ్రెంచి సీసా మీద లోకానికున్న మోజులో సగం నాలుకది కాదు, గడపది. ఏ గడప లోపల తాగుతారు, ఎవరి పక్కన కూచొని తాగుతారు అన్నది. నాయనమ్మను ఆ గడప ఎక్కించాలని వాడి ఆశ. నా గొడవ వేరే. ఆ గడప ఎక్కడానికి మన ముంతను బయట వదిలెయ్యాలా? కొన్యాక్ రైతు పుల్లటి సారాను చూసి సిగ్గుపడి వేరే దేశం సారా తెచ్చుకోలేదు. ఆ పులుపునే కాచుకొని, దానికి తన ఊరి పేరే పెట్టుకున్నాడు. గోవావాళ్ళు జీడిమామిడి పళ్ళతో కాచే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. అదీ నాటు సరుకే. మా ఈతకల్లును సీసాలో పోసి అమ్మాలనడం లేదు నేను. అది నిలవుండే రకం కాదు కూడా. తెల్లవారుజామున తేనె, పది గంటలకు పులుపు, సాయంత్రానికి బాగా పులిసిపోతుంది. పదేళ్ళు పడుకొని పెద్దదయ్యేది ఒకటి, ఒక పూటలో బతుకంతా బతికేది ఒకటి. రెండోదాన్ని తక్కువని ఎవరన్నారు?

అసలు చిక్కు చెట్టు దగ్గరుంది. మా పక్క కాలవగట్ల మీద ఈతచెట్లు చాలా పోయాయి. గట్టు వెడల్పు చేసినప్పుడు కొన్ని, చేపల చెరువులు తవ్వినప్పుడు కొన్ని. బుట్టకు పుల్ల కోసం ఆడవాళ్ళు మూడేసి మైళ్ళు పోతున్నారు. పోయిన వారం గట్టు వెంబడి నడిచి లెక్కపెట్టాను, పదకొండు మిగిలాయి. వాటిలో గీతకు పనికొచ్చేవి నాలుగని కల్లుగీసే తాత చెప్పాడు. ఆయనకు డెబ్బై దాటాయి, మోకు కట్టుకుంటే పక్కన ఒకరుండాలి. ఈ సంక్రాంతికి మా నాయనమ్మ పేరున ఒక చెట్టుకు లొట్టి కడతానన్నాడు, డబ్బులొద్దన్నాడు. తెల్లారకముందే రావాలన్నాడు. తమ్ముడికి చెబితే బండి తీసుకొస్తానన్నాడు. క్వార్టరు కూడా తెస్తాడట, రెండూ పోద్దామంటున్నాడు.