మెట్లు దిగే నది: వల్తవా వెంట చెక్ పట్టణాలు

నైరుతి సరిహద్దులోని షుమవా అడవుల్లో పుట్టి, రాజధాని ప్రాగ్ మీదుగా ఉత్తరానికి సాగి, మ్యెల్నీక్ పట్టణం దగ్గర లాబె నదిలో కలిసే వల్తవా సుమారు 430 కిలోమీటర్ల నిడివితో చెక్ నదులన్నింటిలోకీ పొడవైనది. లాబె అంటే సరిహద్దు దాటి జర్మనీలోకి వెళ్ళాక ఎల్బ్ అనిపించుకునే నదే. పైచదువులకు ఆ దేశానికి వెళ్ళే విదేశీ విద్యార్థులు, వారిలో తెలుగువారు కూడా, వారాంతాల్లో చూసివచ్చే ఊళ్ళలో చాలా భాగం ఈ నది ఒడ్డునో, దాని ఉపనదుల ఒడ్డునో ఉన్నవే. అయినా నదిని నదిగా చూసేవారు తక్కువ. ప్రాగ్ నుంచి దక్షిణానికి వెళ్ళే ప్రధాన రైలుమార్గం వల్తవా లోయను వదిలి తూర్పుగా బెనెషోవ్, తాబోర్ పట్టణాల మీదుగా పోతుంది కనుక, ప్రాగ్‌లో వంతెన కింద కనిపించిన నీరు మళ్ళీ చెస్కే బుడెయొవిత్సెలోనే కంటబడుతుంది. ఆ రెంటి మధ్య ఇరవయ్యో శతాబ్దం ఆ నదిని ఏం చేసిందో రైలు కిటికీలోంచి తెలిసే వీలు లేదు.

చెక్ విశ్వవిద్యాలయాల వసతిగృహాలు శుక్రవారం మధ్యాహ్నానికి ఖాళీ కావడం మొదలవుతుంది. దేశం చిన్నది, రైళ్ళు ఎక్కువ కావడంతో స్థానిక విద్యార్థులు వారం వారం ఇంటికి వెళ్ళి ఆదివారం సాయంత్రం తిరిగివస్తారు. గదుల్లో మిగిలిన విదేశీయులకు ఊళ్ళు తిరగడం కాలక్షేపమే కాక దాదాపు తప్పనిసరి వ్యాపకం కూడా అవుతుంది. ఇరవయ్యారేళ్ళు నిండని విద్యార్థులకు రైలు, బస్సు ఛార్జీల్లో ప్రభుత్వం ఇచ్చే రాయితీ ఇందుకు అండగా నిలిచింది. 2018లో దానిని నాలుగింట మూడు వంతులకు పెంచి, 2022లో సగానికి తగ్గించారు. ఉద్యోగం చేసి, డబ్బు కూడబెట్టుకుని ఆలస్యంగా పైచదువుకు వచ్చినవారికి ఆ వయసు నిబంధన కొంత కష్టం కలిగించేదే.

నది మొదలు చూడాలనుకునేవారు షుమవా జాతీయ వనంలో 1,172 మీటర్ల ఎత్తున ఉన్న ఊట దాకా కాలినడకన వెళ్ళాలి. అక్కడ పుట్టిన పాయను 'వెచ్చని వల్తవా' అనీ, పొరుగున జర్మనీలోని బవేరియా నుంచి వచ్చే పాయను 'చల్లని వల్తవా' అనీ పిలుస్తారు. ఈ రెండూ ఒక విశాలమైన చిత్తడినేలలో కలిశాకే నదికి ఒకే పేరు నిలుస్తుంది. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో ఇది పశ్చిమ ఐరోపాతో ఉన్న సరిహద్దు పట్టీ కావడంతో ముళ్ళకంచెలు, కాపలా బురుజుల మధ్య సామాన్యులకు ప్రవేశం లేకుండా పోయింది. ఊళ్ళు ఖాళీ అయినచోట అడవి దట్టంగా పెరిగింది. జనాన్ని తరిమిన కంచె అడవిని కాపాడిన ఈ ఉదంతం నుంచే 1991 నాటి జాతీయ వనం పుట్టిందనడం అతిశయోక్తి కాదు.

కొండ దిగుతుండగానే నది మొదటి ఆనకట్టకు చేరుతుంది. 1950లలో కట్టిన లిప్నో జలాశయం వైశాల్యంలో దేశంలోకెల్లా పెద్దది. కింద విష్షీ బ్రోద్ అనే చిన్న పట్టణంలో సిస్టర్షియన్ సన్యాసుల మఠం ఉంది. సిస్టర్షియన్లంటే నిరాడంబర జీవనాన్ని, శారీరక శ్రమను నియమంగా పెట్టుకున్న క్రైస్తవ సన్యాస శాఖవారు. 1259లో స్థాపితమైన ఆ మఠాన్ని ముంచేయాలని దయ్యం ఒక రాత్రి నదికి అడ్డంగా బండలు పేర్చబోయిందనీ, పని ముగిసేలోపే కోడి కూసిందనీ స్థానిక గాథ. ఆ బండల గుట్టనే 'దయ్యపు గోడ' అంటారు. దయ్యానికి సాధ్యం కాని పనిని ఇంజనీర్లు మరోలా సాధించారు. లిప్నో నీటిని భూగర్భంలోని విద్యుత్ కేంద్రానికి మళ్ళించి, అక్కడి నుంచి సొరంగం ద్వారా విష్షీ బ్రోద్ దగ్గర బయటికి వదులుతుండడంతో, ఆ గోడ కింది నదీగర్భం మామూలు రోజుల్లో బండలు తేలి కనిపిస్తుంది. పడవ పోటీలు జరిగే కొన్ని రోజుల్లో మాత్రం నీళ్ళు వదిలి పాత హోరును తిరిగి తెప్పిస్తారు.

విష్షీ బ్రోద్ నుంచి కిందికి నది మళ్ళీ ప్రవాహమవుతుంది. వేసవి వారాంతాల్లో చెక్ కుటుంబాలు, మిత్రబృందాలు చిన్న పడవలతో, గాలి నింపిన రబ్బరు తెప్పలతో ఇక్కడ బారులు తీరుతాయి. నీటి మీద ఎదురైన ప్రతివారినీ పరిచయం ఉన్నా లేకున్నా 'అహోయ్' అని పలకరించడం ఆచారం. మాటకు త్వరగా కలవరని పేరుబడ్డ జనం ఇక్కడ ఇంత కలుపుగోలుగా ఉండడం కొత్తగా వచ్చిన విద్యార్థులను ఆశ్చర్యపరుస్తుంది. పూర్వం మరలకు నీరు మళ్ళించేందుకు కట్టిన తక్కువ ఎత్తు అడ్డుకట్టలు దారిలో చాలా ఉన్నాయి. వాటి పక్కన పడవలు జారిపోవడానికి వదిలిన సందుల్లో అనుభవం లేనివారు తరచు బోల్తా పడుతుంటారు, ఒడ్డున కూర్చున్నవారికి అదొక వినోదం.

ఈ పడవల దారిలోనే చెస్కీ క్రుమ్లోవ్ వస్తుంది. నది పాములా మెలికలు తిరిగి పట్టణాన్ని దాదాపు ద్వీపంగా మార్చగా, ఎదుటి బండ మీద పదమూడో శతాబ్దంలో మొదలైన కోట ఊరినంతా పైనుంచి చూస్తుంటుంది. 1302 నుంచి మూడు వందల ఏళ్ళు దీనిని ఏలిన రోజ్మ్‌బెర్క్ వంశం దక్షిణ బొహీమియాకు ఆచరణలో రాజవంశమే. వారి చివరి ప్రభువు అప్పుల బరువుతో కోటను చక్రవర్తి రెండో రుడాల్ఫ్‌కు అమ్మాడు. తర్వాత ఎగ్గెన్‌బర్గ్‌ల చేతికీ, 1719లో ష్వార్జెన్‌బర్గ్‌ల చేతికీ వచ్చింది. కోటలోని బరోక్ నాటకశాల, అంటే పదిహేడు పద్దెనిమిదో శతాబ్దాల అలంకారబహుళమైన శైలిలో కట్టినది, 1760లలో పునర్నిర్మించిన రూపంలోనే, తెరలనూ రంగదృశ్యాలనూ క్షణాల్లో మార్చే కొయ్య యంత్రాలతో, దుస్తులతో సహా నిలిచి ఉంది. ఐరోపాలో ఇలాంటివి మిగిలినవి వేళ్ళ మీద లెక్కించవచ్చు కనుక, క్రుమ్లోవ్‌లో ఒకే ఒక్కటి చూసే వ్యవధి ఉంటే చూడవలసింది ఇదే.

ఈ పట్టణం ఇంత చెక్కుచెదరకుండా మిగలడం వెనుక అందమైన కారణం లేదు. 1945 తర్వాత చెకొస్లొవేకియా నుంచి జర్మన్ భాషీయులను వెళ్ళగొట్టినప్పుడు క్రుమ్లోవ్ జనాభాలో అధికభాగం వెళ్ళిపోయింది. ఇళ్ళు పాడుపడ్డాయి, పడగొట్టి కొత్తవి కట్టేంత డబ్బుగాని ఆసక్తిగాని ఎవరికీ లేకపోయింది. 1992లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక అదే నిర్లక్ష్యం ఆస్తిగా మారింది. ఈనాడు ఆ పాత వీధులు స్థానికుల నివాసాల కన్నా విడిదిగృహాలతో ఎక్కువగా నిండాయి. చిత్రకారుడు ఎగాన్ షీలే తన తల్లి పుట్టిన ఈ ఊరికి 1911లో వచ్చి ఉండగా, అతని నడవడి నచ్చని పట్టణవాసులు వెళ్ళిపోయేలా చేశారు. అతని పేరిట నడుస్తున్న కళాకేంద్రం నేడు ఆ పట్టణ ఆకర్షణల్లో ఒకటి.

చెస్కే బుడెయొవిత్సెను 1265లో రాజు రెండో ప్ర్జెమిస్ల్ ఒతకర్ రోజ్మ్‌బెర్క్‌ల బలానికి విరుగుడుగా, వల్తవా, మల్షె నదుల సంగమం దగ్గర గీత గీసినట్లు వేయించాడు. పట్టణం నడుమ హెక్టారుకు పైగా విస్తరించిన చతురస్రపు కూడలి ఆ రాజాజ్ఞకు సాక్ష్యం. ఐరోపా ఖండంలోని తొలి రైలుమార్గాల్లో ఒకటి 1825–1832 మధ్య ఇక్కడి నుంచే ఆస్ట్రియాలోని లింజ్ వైపు పడింది. దానిపై బళ్ళను గుర్రాలు లాగేవి, ప్రధానమైన సరుకు ఉప్పు. ఆస్ట్రియా గనుల ఉప్పును గుర్రపు రైలు ఇక్కడికి చేర్చితే, ఇక్కడి నుంచి పడవలు నది మీదుగా ప్రాగ్‌కు చేర్చేవి. బీరుకు పేరొందిన ఈ ఊరిలో తెలుగు పాఠకుడిని మరోరకంగా ఆపే వస్తువు పెన్సిల్. 1848లో వియన్నా నుంచి ఇక్కడికి తరలివచ్చిన హార్ట్‌ముత్ కర్మాగారం ఆ శతాబ్దం చివరలో తన మేలురకం పసుపు పెన్సిళ్ళకు కోహినూర్ అని పేరు పెట్టుకుంది. ఆ వజ్రం కృష్ణాతీరాన గుంటూరు సీమలోని కొల్లూరు గనుల్లో దొరికిందన్నది బలమైన నమ్మకం. ఆ గనులు నేడు పులిచింతల జలాశయం నీటి కింద ఉన్నాయి.

నీట మునగడం వల్తవా కథలోనూ ఇక్కడి నుంచే ముఖ్యాంశమవుతుంది. ఇంగ్లండులోని విండ్సర్ కోటను తలపించేలా ష్వార్జెన్‌బర్గ్‌లు పందొమ్మిదో శతాబ్దంలో తిరగకట్టించిన హ్లుబొకా తెల్లని సౌధాన్ని దాటగానే, తెమెలీన్ అణువిద్యుత్ కేంద్రానికి నీరందించే హ్నెవ్‌కొవిత్సె జలాశయం, ఆపై ఒకదాని కాళ్ళ దగ్గర మరొకటిగా ప్రాగ్ పొలిమేర దాకా సాగే ఆనకట్టలు. 1936లో పూర్తయిన వ్రానె మొదలుకొని 1991 నాటి హ్నెవ్‌కొవిత్సె వరకు అర్ధశతాబ్దానికి పైగా సాగిన ఈ నిర్మాణాలన్నింటినీ లిప్నోతో కలిపి 'వల్తవా సోపానం' అంటారు. ఆ మాట సరైనదే. నది ఇక్కడ పారదు, మెట్టు మెట్టుకూ ఆగి దిగుతుంది.

1950ల చివర, 1960ల మొదట కట్టిన ఓర్లీక్ వీటిలో అత్యధికంగా నీరు నిలిపేది. ఒతవా నది వచ్చి కలిసే కొమ్ముమీద పదమూడో శతాబ్దపు రాజదుర్గం జ్వీకోవ్, దానికి దిగువన ఓర్లీక్ కోట పూర్వం లోతైన లోయ అంచున బండల మీద ఉండేవి. నేడు నీరు వాటి పాదాల దాకా వచ్చింది, వేసవిలో ఈ రెండు కోటల మధ్య పడవలు తిరుగుతాయి. గ్రద్దగూడును తలపించే ఎత్తు కోసం ఎంచుకున్న చోటు సరస్సు ఒడ్డు విహారస్థలమైంది. పొదొల్స్కో దగ్గర నదిపై 1848లో కట్టిన గొలుసు వంతెన మునిగిపోయే పరిస్థితి వచ్చినప్పుడు, దానిని విప్పి, ఒక్కొక్క ముక్కకూ గుర్తువేసి, 1975 నాటికి స్తాద్లెత్స్ గ్రామం వద్ద లుజ్నిత్సె నదిపై తిరిగి కూర్చారు. ఇంచుమించు అదే కాలంలో నాగార్జునసాగర్ కోసం నాగార్జునకొండ విహారాలను తవ్వి తీసి, ఇటుక ఇటుకగా ఎత్తైన చోట తిరిగి నిలబెట్టిన ఉదంతం తెలిసినవారికి ఈ వంతెన కథ వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది. రెండు చోట్లా రాళ్ళను, గొలుసులను తరలించారు. పొలాలు, శ్మశానాలు, గట్టున ఉన్న మరలు నీటి అడుగునే ఉన్నాయి.

ఓర్లీక్ కింద స్లాపీ, ష్టెఖొవిత్సె ఆనకట్టలు ముంచినది ఇంకా విలువైనది. ఇక్కడ ఇరుకైన గండిలో నది బండల మీద విరుచుకుపడే 'సెయింట్ జాన్ ఉరవళ్ళు' ఉండేవి. షుమవా కలపను తెప్పలుగా కట్టి ప్రాగ్‌కు తోలే సరంగులకు ఇది ప్రాణగండమైన చోటు. స్వరకర్త బెద్ర్జిఖ్ స్మెతనా 1874లో, వినికిడి పూర్తిగా పోయిన ఏడాదే, 'వల్తవా' అనే వాద్యబృంద రచనలో ఊటల నుంచి ప్రాగ్ దాకా నదిని వినిపించినప్పుడు, ప్రాగ్‌కు ముందు ఉప్పొంగే ఘట్టం ఈ ఉరవళ్ళదే. చెక్ పర్యాటక సంఘం 1888లో ఏర్పడి, మరుసటి ఏడాది దేశంలో మొట్టమొదటి కాలిబాటకు రంగుగుర్తులు వేసింది ష్టెఖొవిత్సె నుంచి ఈ ఉరవళ్ళకే. చెట్ల మీద తెలుపు పట్టీల నడుమ ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు గీతలతో నేడు దేశమంతా అల్లుకున్న నడకదారులకు ఇదే ఆరంభం. మొదటి ప్రపంచయుద్ధం ముగిసే వేళకు ప్రాగ్ కుర్రకారు వారాంతాల్లో వీపున మూట, చేత గిటారుతో ఇక్కడికే వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్నారు. అమెరికా పశ్చిమసీమ కథల ప్రభావంతో తమను తాము 'ట్రాంప్'లని పిలుచుకున్న వీరి ఉద్యమం నుంచే చెక్‌ల వారాంతపు కుటీరాల అలవాటు బలపడింది. నేటి విదేశీ విద్యార్థి చేసే శనివారపు ప్రయాణం ఒక విధంగా ఈ లోయలోనే రూపుదిద్దుకుంది. అయినా ప్రాగ్ నుంచి బస్సులో చేరగల ఈ చోటు వారి జాబితాలకు ఎక్కదు. ఉరవళ్ళు వినిపించేది కచేరీశాలలోనే, ఇక్కడ చూడడానికి ఉన్నది కదలని పచ్చటి నీరు.

ప్రాగ్ గురించి చెప్పేవారికి కొదవ లేదు. నది వైపు నుంచి చూసేవారు మాత్రం రెండు చిన్న వస్తువులను వెదకడం మంచిది. ఒకటి విషెహ్రద్ కొండ కింద వీతోన్‌లోని పాత సుంకపు ఇల్లు: తెప్పల మీద వచ్చిన కలపకు ఇక్కడ పన్ను వసూలు చేసేవారు, ప్రస్తుతం అది ఆ వృత్తిని వివరించే మ్యూజియం. రెండోది 1357లో నాలుగో చార్లెస్ పునాది వేసిన వంతెన పక్కన గట్టు గోడలో ఉన్న గడ్డపు మనిషి రాతి తల: నీరు ఆ ముఖాన్ని ఎంతవరకు తడిపిందన్నదే ప్రాగ్ వాసులకు ఒకప్పటి వరద కొలమానం. ఎగువన ఇన్ని మెట్లు కట్టినా 2002 ఆగస్టులో వచ్చిన వరద ఆ తలనే కాక నగరపు భూగర్భ మెట్రో స్టేషన్లను కూడా ముంచింది.

ప్రాగ్ దిగువన రైలుమార్గం నదికి దగ్గరగా వస్తుంది. 1841లో స్వరకర్త ద్వోర్జాక్ పుట్టిన నెలహోజెవెస్ గ్రామం రైలు దిగితే నాలుగడుగుల దూరం. అక్కడి నుంచి నేల చదునై, మ్యెల్నీక్ దగ్గర ద్రాక్షతోటల వాలు కింద వల్తవా లాబెలో కలుస్తుంది. సంగమం దాకా వచ్చిన దూరంలోనూ, తెచ్చిన నీటిలోనూ వల్తవాయే పెద్దది. అయినా పేరు లాబెకు దక్కింది. కోట వరండా నుంచి చూసేవారు ఎదురుగా తిన్నగా, ఒద్దికగా వచ్చి కలిసే పాయను వల్తవా అనుకుని ఛాయాచిత్రాలు తీసుకుంటారు. అది నిజానికి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నౌకల కోసం తవ్విన కాలువ, హోర్జీన్ గ్రామం దగ్గరి లాకుతో ముగిసేది. అసలు నది ఇంకాస్త ఎగువన చెట్ల చాటున కలుస్తుంది, దానిని చూడాలంటే కొంచెం పక్కకు జరగాలి.