బావ మోచెయ్యి

జీలుగు చెట్టెక్కడమంటే మా బావకు నడకతో సమానం. ఆ పొద్దు మాత్రం మంచు తడికి కాలు జారి, కుడి మోచెయ్యి నేలకు కొట్టుకునేలా పడ్డాడు. మేము వెళ్లేసరికి చెయ్యి సొరకాయలా వాచింది. చిటికెన వేలు తిమ్మిరెక్కిందన్నాడు. ఆ మాట మేము పట్టించుకోలేదు. బడిలో పిల్లలకు ఎముకల పాఠం చెప్పేవాళ్లమే, అయినా కట్టుకట్టే పెద్దాయన దగ్గరికే తీసుకుపోయాం.

ఆయన్ను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన వెదురు బద్దలతో కట్టిన కాళ్లూ చేతులూ మా ఊళ్లో ఎన్నో నిలబడ్డాయి. చదువుకున్నవాళ్లు కూడా కట్టు కోసం పుత్తూరు దాకా పోతారు గదా. కానీ మోచెయ్యి సంగతి వేరు. దండచేతి ఎముక కింది కొన నేరుగా కీలులో కూర్చుంటుంది. పెద్దవాళ్లలో అక్కడ విరిగితే తరచూ రెండు మూడు ముక్కలై కీలు నునుపు చెడుతుంది. వారాల తరబడి కదపకుండా కట్టి ఉంచితే ఎముక అతికినా కీలు బిగుసుకుపోతుంది. కట్టు విప్పి, నూనె రాసి బలంగా లాగితే కండలో కొత్త ఎముక పెరిగే ప్రమాదమూ ఉంది.

ఇదంతా మాకు మూడో వారంలో సికింద్రాబాద్‌లో తెలిసింది. కొత్తగూడెంలో మణుగూరు బండెక్కి, తెల్లారి దిగి, గాంధీ ఆసుపత్రికి దారి అడిగాం. పాత గాంధీ స్టేషన్ దగ్గరే ఉండేదనీ, 2003లో ముషీరాబాద్ జైలు స్థలానికి మారిందనీ ఒక పెద్దమనిషి చెప్పాడు. "అయితే నన్ను జైలుకే తెచ్చారన్నమాట" అని బావ నవ్వాడు. ఆ మూడు వారాల్లో అదే మొదటి నవ్వు.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మోచేతి వెనక కోసి, ముంజేతి ఎముక మొనను రంపంతో కోసి పక్కకు తీస్తారట, తలుపు తీసినట్టు. అప్పుడుగానీ విరిగిన కీలు కనబడదు. ముక్కలను సన్నని తీగలతో నిలిపి, రెండు ప్లేట్లు మరలతో బిగించి, కోసిన మొనను మళ్లీ కట్టేస్తారు. వీటికంటే ముందు ఒక నరాన్ని వెతికి కాపాడాలి. మోచెయ్యి గోడకు తగిలితే షాక్ కొట్టేది ఆ నరమే. చిటికెన వేలికి స్పర్శ ఇచ్చేదీ అదే. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆలస్యమైంది గనక కష్టమవుతుందని కూడా ఆమె దాచలేదు. బావ వద్దన్నాడు. "ముద్ద నోటిదాకా రాకపోతే ఆ చెయ్యి ఎందుకు?" అని అక్క గట్టిగా అడిగాకే వేలిముద్ర వేశాడు.

ఆపరేషనయిన కొద్ది రోజులకే చెయ్యి కదపమన్నారు. మరలు ఊడతాయని బావకు భయం. రోజూ మేమే కూర్చోబెట్టి వంచమనేవాళ్లం, బడి కోణమానితో కొలిచేవాళ్లం. చెయ్యి పూర్తిగా చాపితే సున్నా అనుకుంటే, 30 నుంచి 130 డిగ్రీల మధ్య కదిలితే ఇంటి పనులు చాలావరకు సాగుతాయట. బావది 35 నుంచి 120 దగ్గర ఆగింది. మెడ కొంచెం వంచి తింటాడు.

టీచర్లూ, తమ్ముళ్లూ, ఒక్కటి గుర్తుంచుకోండి. కట్టు కట్టాక వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపితే ఓర్వలేని నొప్పి వచ్చినా కట్టు వదులు చేసి వెంటనే పెద్దాసుపత్రికి బయల్దేరండి. తెల్లారేదాకా ఆగొద్దు.

ఈ ఏడు జీలుగు చెట్టెక్కింది బావ తమ్ముడు. బావ కింద నిలబడి కల్లుకుండ అందుకుంటాడు, ఎడమ చేత్తో.