కోతపండుగకు నా సొరకాయ

మంఖాల్‌లో మా చిన్న చర్చికి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో నైట్ డ్యూటీ దిగిన పిల్లలు నేరుగా వచ్చేస్తారు. మెడలో ఐడీ కార్డు కూడా తీయరు. ప్రసంగం సగంలో ఒకరిద్దరికి కునుకు పడుతుంది. ఎవరూ లేపరు. నాకు నచ్చేది అదే.

బుధవారం స్త్రీల మైత్రి, శుక్రవారం ఉపవాస ప్రార్థన మామూలే. ఈ వారం గృహ కూడిక మాత్రం జార్ఖండ్ నుంచి పని కోసం వచ్చిన ఒక కుటుంబం అద్దె గదిలో జరిగింది. వాళ్లు సాద్రీలో పాడారు, మేం తెలుగులో. చప్పట్లు మాత్రం అందరివీ కలిశాయి. మలయాళీలు ఎక్కువగా ఉండే సీరో మలబార్ కేథలిక్కులకు కూడా 2017లో శంషాబాద్ పేరుతోనే ఒక మేత్రాసనం ఏర్పడింది. ఇక్కడ ఎన్ని భాషల వాళ్లు మోకరిస్తున్నారో!

కూడిక అయ్యాక టీ తాగుతుంటే నంద్యాల పుష్పలలిత గారి మాట వచ్చింది. 2013లో దక్షిణ ఇండియా సంఘానికి (సీఎస్ఐ) తొలి మహిళా బిషప్ అయింది ఆవిడే. పాస్టరు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు, ఇదీ మన అలవాటు. మరి అమ్మగారే పాస్టరైతే ఆవిడ భర్తను ఏమనాలి? మా అత్తమ్మ తడుముకోలేదు: "అల్లుడనుర్రి, సరిపోతది."

వచ్చే ఆదివారం కోతపండుగ. గుమ్మడికాయలు, నాటుకోళ్లు, వడ్ల మూట, అన్నీ వేలమే. నిరుడు నేనిచ్చిన సొరకాయను చివరికి నేనే ఐదొందలకు పాడుకున్నా. ఈసారైనా ఎవరో ఒకరు పాట పెంచండి. తర్వాత ప్రేమ విందు. ఏ చర్చి వాళ్లైనా, ఏ గుడికీ పోనివాళ్లైనా రండి. ప్లేటు మాత్రం ఎవరిది వాళ్లే కడుక్కోవాలి.