అతుకు వేయవలసిన మాట

నేను క్రొత్తగా కాపరి పనికి వచ్చిన దినములలో మా సంఘమున ఒక వృద్ధుడు జబ్బుపడి మంచము పట్టెను. దూరదేశమునకు పనికి పోయిన ఆయన ఒక్కగానొక్క కుమారుడు అక్కడనే మరణించెను. ఆ వార్త చెప్పవద్దని ఇంటివారు నన్ను బతిమాలిరి. ఆ రాత్రి ఆయన నా చెయ్యి పట్టుకొని, "అయ్యగారూ, మావాడి కబురేమైనా తెలిసిందా?" అనెను. "క్షేమంగా ఉన్నాడు తాతా" అంటిని.

ఆయన కోలుకొనెను. నిజము తెలిసిన దినమున నన్ను కోపపడలేదు. "దేవుడున్నాడు, భయపడకు తాతా అని కూడా చెప్పారే. అదీ ఇట్లాంటి మాటేనా అయ్యగారూ?" అని మాత్రము అడిగెను. నాకు నోట మాట రాలేదు.

ఇంటికి వచ్చి, వేదాంత పాఠశాలనాటి పుస్తకములు తెరచితిని. లాటిను భాషలో అబద్ధమునకు మెండాకియుమ్ అని పేరు. దానికి మూలము మెండుమ్, అనగా లోపము. మన తెలుగు 'మెండు'తో దీనికి చుట్టరికము లేదు. బిచ్చగానిని పిలుచు మెండికుస్ అను మాటయు ఆ కుటుంబములోనిదే. నిజమే, అబద్ధికుడు ఇంటింట నమ్మకమును అడుగుకొను బిచ్చగాడు. లోపమును తీసివేయుటకు ఎమెండారె అందురు. చిరిగిన బట్టను బాగుచేయుటకు ఇంగ్లీషువారు వాడు 'మెండ్' అను మాట దానినుండి వచ్చినదే.

ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీను అబద్ధమును గూర్చి రెండు గ్రంథములు వ్రాసెను. మొదటిది సుమారు 395లో, రెండవది సుమారు 420లో. రెండవదానిలో నా కథయే యున్నది! కుమారుడు చనిపోయిన సంగతి ఎరుగని రోగి, వాడు బ్రతికియున్నాడా అని అడిగినయెడల ఏమి చెప్పవలెను? ఈ ప్రశ్న తన మనస్సును కదలించుచున్నదని అగస్టీను ఒప్పుకొనెను. అయినను అబద్ధము తగదనెను. వార్ధక్యమున తన గ్రంథములన్నిటిని తిరిగి చూచుకొని, తన తప్పులను తానే వ్రాసిపెట్టెను. మొదటి గ్రంథము చిక్కుగా నున్నదని దానిని తీసివేయగోరితినని అందు చెప్పెను.

అంత పెద్దవాడే దిద్దుకొనగా నాకేమి సిగ్గు? మరునాడు తెల్లవారకముందే వెళ్లి, "తాతా, నీమీద జాలి అనుకొన్నాను. నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. క్షమించు" అంటిని.

ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత మంచముమీద చోటు చూపి, "కూర్చోండి. వాడెట్లా పోయాడో ఇప్పుడు చెప్పండి" అనెను. తెలిసినదంతయు చెప్పితిని. ఇద్దరమును ఏడ్చితిమి.

ప్రియ చదువరులారా, అతుకు వేసిన బట్ట క్రొత్తది కాదు. కాని చలికి కప్పుకొనవచ్చును. మీరు అతుకు వేయవలసిన మాట ఏదైన ఉన్నయెడల, ఆ మనుష్యుడు బ్రతికియుండగానే వెళ్లుడి.