సీఎఫ్‌క్యూ అని చెప్పొచ్చాను

ఆ రోజు పంజగుట్టలో ఇంటర్వ్యూలో నేను చెప్పిన జవాబు ఒకప్పుడు కరెక్టే.

"మీ లాప్‌టాప్‌లో లైనక్సే అన్నారు కదా. హార్డ్‌డిస్కుకి ఏ ఐవో షెడ్యూలర్ నడుస్తోంది?" అని అడిగారాయన.

"సీఎఫ్‌క్యూ సార్. కంప్లీట్లీ ఫెయిర్ క్యూయింగ్."

"కెర్నెల్ వెర్షన్?"

"5.15 సార్."

"సీఎఫ్‌క్యూని 5.0లోనే తీసేశారు కదమ్మా, 2019లో. మీరెప్పుడైనా మీ మిషన్‌లో చూశారా?"

చూడలేదు. మెటీరియల్‌లో ఉంది, బట్టీ కొట్టాను. మైత్రీవనం పక్క సందులో జిరాక్స్ చేయించిన స్పైరల్ బైండింగ్ అది. ఆ కోర్సు ఫీజు బాపు పత్తి డబ్బుల్లోంచి కట్టాడు.

పంజగుట్ట నుంచి అమీర్‌పేటకి రెడ్ లైన్‌లో ఒక్క స్టేషనే. టికెట్ డబ్బులు మిగులుతాయని మెట్రో పిల్లర్ల కింద నడుచుకుంటూ వచ్చేశాను. నిజానికి డబ్బుల కోసం కాదు, అప్పుడే హాస్టల్‌కి వెళ్లి ఎవరికీ మొహం చూపించాలని లేదు.

రూముకి వచ్చాక చేసిన మొదటి పని, సిస్ డైరెక్టరీలో బ్లాక్, ఎస్‌డీఏ, క్యూ దాటుకుంటూ వెళ్లి షెడ్యూలర్ అనే చిన్న ఫైలు చదవడం. ఒక్కటే లైను. ఎంక్యూ-డెడ్‌లైన్ చదరపు బ్రాకెట్లలో ఉంది, అంటే నడుస్తున్నది అదే. పక్కన నన్ అని ఉంది. సీఎఫ్‌క్యూ పేరే లేదు. ఇది చూడ్డానికి పది సెకన్లు పట్టలేదు. మూడు నెలల్లో ఆ పది సెకన్లు నాకెందుకు దొరకలేదో! మర్నాడు క్లాసులో చెబితే సార్, "ఇంటర్వ్యూలో ఇదే అడుగుతరమ్మా, ఇదే రాసుకో" అన్నారు. ఆ కోచింగ్ సెంటర్ పేరెందుకులెండి, అక్కడ ఏ గోడ చూసినా ఒక బోర్డే.

అసలు షెడ్యూలర్ ఎందుకు అనేది నాకు మా హాస్టల్ లిఫ్టు నేర్పింది. మాది ఐదో అంతస్తు. లిఫ్టు నడిపే అతను కింద జనం ఎక్కువుంటే గ్రౌండు నుంచి రెండో అంతస్తు దాకానే తిప్పుతుంటాడు. అతని లెక్క కరెక్టే, ఎక్కువమంది దిగుతున్నారు. మేం మాత్రం బట్టల బకెట్లతో నిలబడి నిలబడి చివరికి మెట్లెక్కుతాం. డిస్కు కూడా అంతే. నా లాప్‌టాప్‌లోది నిమిషానికి 5400 సార్లు తిరిగే పళ్లెం, ఒక చుట్టుకి 11 మిల్లీసెకన్లు. హెడ్ అటూ ఇటూ పరిగెత్తకుండా దగ్గర దగ్గర రిక్వెస్టులు కలిపి చేస్తే పని ఎక్కువ జరుగుతుంది. కానీ దూరంగా ఉన్నవాడి వంతు రాదు. పుస్తకాల్లో దీనికి స్టార్వేషన్ అని పేరు, అంటే ఆకలే.

డెడ్‌లైన్ షెడ్యూలర్ ప్రతి రిక్వెస్టుకీ ఒక గడువు రాసి పెడుతుంది. చదవడానికి 500 మిల్లీసెకన్లు, రాయడానికి 5 సెకన్లు. ఈ తేడా నాకు మొదట అన్యాయం అనిపించింది. తర్వాత అర్థమైంది: చదివే ప్రోగ్రాం డేటా వచ్చేదాకా ఆగిపోయి ఉంటుంది. రాసే ప్రోగ్రాం మాత్రం మెమరీలో పడేసి తన దారిన పోతుంది, డిస్కుకి తర్వాత చేరుతుంది. అలాగని రాసేవాటిని ఎప్పటికీ ఆపరు, చదివేవి వరసగా రెండుసార్లు దాటిపోయాక వాటికి వంతు ఇవ్వాల్సిందే. గడువు కూడా గట్టి హామీ కాదు, నడుస్తున్న బ్యాచ్ ముగిశాకే చూస్తారు.

అక్క పెళ్లి వీడియో లాప్‌టాప్‌లోకి ఎక్కించిన రాత్రి ఇదంతా కళ్లారా చూశాను. కెమెరామన్ ఇచ్చిన పెద్ద ఫైళ్లు, కాపీ పెట్టి టెర్మినల్ తెరిస్తే ఎంతకీ రాదు. బీఎఫ్‌క్యూ మాడ్యూల్ లోడ్ చేసి మార్చాను. ఇది 2017లో 4.12 కెర్నెల్‌తో వచ్చింది, సీఎఫ్‌క్యూకి చుట్టమే అనుకోవచ్చు. మనిషి ఎదురుచూస్తున్నట్టు కనిపించే ప్రోగ్రాంకి కాస్త ముందు చోటిస్తుంది. మళ్లీ కాపీ పెట్టాను. ఈసారి టెర్మినల్ తెరుచుకుంది, కాపీ మాత్రం ఇంకా మెల్లగా సాగింది. రెండూ కావాలంటే ఎస్‌ఎస్‌డీ కొనమని రూమ్మేట్ సలహా. డబ్బులు నువ్విస్తవా అన్నాను.

ఎస్‌ఎస్‌డీలే అసలు మొత్తం కథ మార్చాయి. తిరిగే పళ్లెం లేనప్పుడు హెడ్ దూరమేంటి, దగ్గరేంటి? పాత కెర్నెల్‌లో డిస్కుకి ఒకటే క్యూ, దానికి ఒకటే తాళం. కోర్లన్నీ ఆ తాళం కోసమే కొట్టుకునేవి. 2014లో 3.13తో వచ్చిన బ్లాక్-ఎంక్యూ ఒక్కో కోర్‌కీ సొంత క్యూ ఇచ్చింది. అమీర్‌పేట స్టేషన్‌లో ఒక్క గేటే తెరిచి ఉంచితే ఎలా ఉంటుందో, అన్నీ తెరిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎన్‌వీఎంఈలో 64 వేల క్యూల దాకా పెట్టుకోవచ్చు, పాత సాటాలో ఒకే క్యూ, అందులో 32 కమాండ్లు. అందుకే వేగమైన ఎన్‌వీఎంఈకి చాలాసార్లు షెడ్యూలరే వద్దంటారు, నన్ అంటే అదే.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. సీఎఫ్‌క్యూ రాసింది యెన్స్ ఆక్స్‌బో. 2006లో అది డీఫాల్ట్ అయింది, ఏళ్లపాటు ప్రపంచమంతా నడిచింది. బ్లాక్-ఎంక్యూ కూడా ప్రధానంగా ఆయన పనే. 5.0లో సీఎఫ్‌క్యూని తీసేసిందీ ఆయనే. మా మెటీరియల్‌లో ఆ పేజీ ఇప్పటికీ అలాగే ఉంది. నా కాపీలో మాత్రం పెన్సిల్‌తో కొట్టేసి పక్కన సంవత్సరం రాసుకున్నాను. జూనియర్ ఎవరైనా అడిగితే ఇస్తాను.

పోయిన ఆదివారం బాపు వచ్చాడు, పెళ్లి వీడియో కావాలని. పైకి రానివ్వరు కదా, కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. లిఫ్టు రాలేదు. లాప్‌టాప్ పట్టుకుని మెట్లు దిగి, ఆయన తెచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి కాపీ ఇచ్చాను. ఆ ఇంటర్వ్యూ ఏమయిందని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. కాసేపటికి 100 శాతం అని చూపించింది.

"ఎక్కిందా బిడ్డా? తీయనా? బస్సు పోతది."

"ఆగు బాపూ. అయిపోయిందంటది గానీ ఇంకా రాస్తనే ఉంటది. లైటు ఆరాలె."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇద్దరం ఆ చిన్న లైటు వంక చూస్తూ కూర్చున్నాం.